చెప్పని వార్త

ఆంగ్లంలో ‘మూన్‌లైటింగ్’ అనే మాట ఒకటి ఉంది. పగలంతా ఒకచోట కొలువు చేసి, పొద్దుగుంకిన తరువాత మరొకచోట రహస్యంగా సంపాదించుకోవడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. వినడానికి వెన్నెలంత చల్లగా ఉండే ఈ మాటకు చాటుమాటు వ్యవహారం అనే అర్థం అంటిపెట్టుకొని ఉన్నది. 2022లో మన దేశపు సాఫ్ట్‌వేర్ సంస్థలు కొన్ని, ఇలా రెండుచోట్ల పనిచేసే ఉద్యోగులపై కన్నెర్ర చేసినప్పుడు తెలుగు పత్రికలలో కూడా ఈ మాట కొన్నాళ్లపాటు వినిపించింది. అంతకు నలభై ఏళ్ల ముందే, 1982లో, అదే పేరుతో ఒక చలనచిత్రం వెలువడింది. అందులోని పనివారు కంప్యూటర్ల ముందు కూర్చునేవారు కారు. గోడలు పగలగొట్టేవారు, నీటి గొట్టాలు బిగించేవారు, రంగులు వేసేవారు. నలుగురు మనుషులు. సొంత దేశం పోలెండ్. పని దొరికిన ఊరు లండన్. చేతిలో ఉన్నవి యాత్రికుల వీసాలు. ఆ వీసాతో వెళ్లినవాడు ఊరంతా తిరిగి చూడవచ్చును గాని, కూలికి సుత్తి పట్టుకొని ఒక్క మేకు కొట్టినా నేరమే.

ఈ చిత్రాన్ని నేను మొదటిసారి హైదరాబాదులో ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో చూశాను. ప్రేక్షకులు పాతికమందికి మించి లేరు. తరువాత ఇంటివద్ద మరి రెండుసార్లు చూశాను. వలస కూలీల కథ అనగానే మనకు కన్నీళ్లు, ఎడబాటు, విమానాశ్రయాలలో వీడ్కోళ్లు గుర్తుకు వస్తాయి. గల్ఫ్ బతుకులపై వచ్చిన మన దక్షిణాది చిత్రాలు చాలావరకు ఆ బాటలోనే నడిచాయి. మలయాళంలో సలీం అహమ్మద్ 2015లో తీసిన ‘పత్తేమారి’, బెన్యామిన్ నవల ఆధారంగా బ్లెస్సీ తీయగా 2024లో విడుదలైన ‘ఆడుజీవితం’ గొప్ప చిత్రాలే. చూసినవారి గుండె బరువెక్కక మానదు. ‘మూన్‌లైటింగ్’ దారి వేరు. అది నవ్విస్తుంది. నవ్విన కొంతసేపటికి, ఎందుకు నవ్వామా అని మనల్ని మనమే ప్రశ్నించుకొనేటట్లు చేస్తుంది.

చిత్రాన్ని తీసినవాడు యెర్జీ స్కోలిమోవ్‌స్కీ. 1938లో పోలెండ్‌లో జన్మించాడు. రోమన్ పొలాన్‌స్కీ తీసిన ‘నైఫ్ ఇన్ ద వాటర్’ చిత్ర రచనలో పాలుపంచుకొని యువకుడిగానే పేరు తెచ్చుకున్నాడు. 1967లో తాను తీసిన ‘హ్యాండ్స్ అప్’ అనే చిత్రాన్ని అక్కడి ప్రభుత్వం నిషేధించడంతో ఆయన పరాయి దేశాలకు తరలిపోయి, అక్కడే చిత్రాలు తీస్తూ బతికాడు. అంటే వలస వచ్చినవారి కథ చెప్పినవాడు కూడా వలస వచ్చినవాడే. చిత్రంలో నలుగురూ బాగుచేసే ఇల్లు లండన్‌లో దర్శకుడు కాపురమున్న ఇల్లే. 1981 డిసెంబరులో స్వదేశంలో జరిగిన ఘటనలు ఆయన మనసును కలచివేయగా, నెలల వ్యవధిలో కథ రాసి, చిత్రం పూర్తిచేసి, 1982 కాన్ చలనచిత్రోత్సవానికి పంపాడు. అక్కడ దానికి ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారం లభించింది. కోపం చల్లారకముందే రాసిన రచనలు సాధారణంగా నినాదాలుగా మిగిలిపోతాయి. ఈ చిత్రానికి ఆ గతి పట్టకపోవడం విశేషం.

కథ చాలా చిన్నది. పోలెండ్‌లో పలుకుబడి గల ఒక పెద్దమనిషికి లండన్‌లో ఒక ఇల్లు ఉంది. దానిని బాగుచేయించుకోవాలి. అక్కడి పనివారిని పెట్టుకుంటే తడిసి మోపెడవుతుంది. సొంత దేశం నుండి నలుగురిని యాత్రికులుగా పంపితే అందులో కొద్ది భాగంతోనే పని ముగుస్తుంది. వచ్చినవారికి కూడా ఇంటివద్ద ఎంతో కాలం కష్టపడితే గాని రాని డబ్బు నెలరోజులలో చేతికి వస్తుంది. ఇద్దరికీ లాభమే. వలసను నడిపించేది సర్వత్రా ఈ లెక్కే. ఒక దేశపు కూలి రేటుకూ, మరొక దేశపు కూలి రేటుకూ మధ్య ఉన్న తేడాయే మనుషులను సముద్రాలు దాటిస్తుంది. నలుగురిలో ఆంగ్లం తెలిసినవాడు ఒక్కడే. అతని పేరు నోవాక్. జెరెమీ ఐరన్స్ అనే ఆంగ్ల నటుడు ఆ పాత్రను ధరించాడు. విమానాశ్రయంలో అధికారికి జవాబు చెప్పేది అతడే. దుకాణానికి వెళ్లేది అతడే. పత్రిక చదివేది అతడే. డబ్బు సంచి ఉన్నదీ అతని దగ్గరే. మిగిలిన ముగ్గురూ ఇంటిలోపల పనిచేస్తారు, అక్కడే పడుకుంటారు. బయటివారి కంట పడకూడదన్నది నోవాక్ ఆజ్ఞ. కాని గోడ పగలగొట్టేవాడు చప్పుడు చేయకుండా ఎలా ఉండగలడు? దాగి ఉండవలసిన మనుషులకు దొరికిన పని, వీధి వీధంతా వినిపించే పని. చిత్రంలోని హాస్యం చాలావరకు ఈ చిక్కు నుండే పుట్టింది.

ఇక్కడ పోలెండ్ చరిత్ర కొంత చెప్పుకోక తప్పదు. 1980 ఆగస్టులో గ్దాన్‌స్క్ నగరంలోని నౌకానిర్మాణ కేంద్రంలో కార్మికులు సమ్మె చేశారు. లెక్ వాలేసా అనే ఎలక్ట్రీషియన్ వారికి నాయకత్వం వహించాడు. ఆ సమ్మె నుండి ‘సాలిడారిటీ’ అనే స్వతంత్ర కార్మిక సంఘం పుట్టింది. సంఘీభావం అని దాని అర్థం. ఏడాది తిరిగేసరికి దానిలో సుమారు కోటిమంది చేరారు. కార్మికుల పేరిట రాజ్యమేలుతున్న ప్రభుత్వానికి కార్మికులే ఎదురు తిరగడం పాలకులకు మింగుడుపడలేదు. 1981 డిసెంబరు 13, ఆదివారం నాడు, జనరల్ యారుజెల్‌స్కీ దేశంలో సైనిక శాసనం ప్రకటించాడు. తెల్లవారేసరికి వీధులలో యుద్ధ ట్యాంకులు నిలిచాయి. వేలాదిమందిని నిర్బంధించారు. టెలిఫోను తీగలు మూగబోయాయి. సరిహద్దులు మూతపడ్డాయి. మూడు రోజుల తరువాత, డిసెంబరు 16న, వూయెక్ బొగ్గుగని వద్ద సమ్మె చేస్తున్న కార్మికులపై కాల్పులు జరిపి తొమ్మిదిమందిని పొట్టన పెట్టుకున్నారు. 1983 జులైలో గాని సైనిక శాసనాన్ని పూర్తిగా ఎత్తివేయలేదు.

మన నలుగురూ లండన్ చేరినది ఆ డిసెంబరు మొదటి వారంలోనే. ఇంటి గోడలు సగం కూలి ఉన్నాయి. పని సగం కూడా కాలేదు. అటువంటి సమయంలో నోవాక్ ఒక్కడికే ఆ వార్త తెలుస్తుంది. ఇంటికి ఫోను కలవదు. విమానాలు లేవు. అతడు గదిలోకి వచ్చి తన వాళ్ల ముఖాలు చూస్తాడు, నోరు మెదపడు. ఇప్పుడే చెబితే పని ఆగిపోతుంది. పని ఆగితే డబ్బు రాదు. డబ్బు లేకుండా, భాష తెలియకుండా, చట్టం అండ లేకుండా ఈ ముగ్గురూ ఈ మహానగరంలో ఏమవుతారు? చెప్పినా వాళ్లు వెళ్లగలిగేది లేదు కదా! పని పూర్తయిన తరువాత చెబుదాం. ఇదీ అతని ఆలోచన. ఇందులో తప్పు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపడం కష్టం. అతడు తన స్వార్థం కోసం వార్త దాచలేదు. అయినా ఆ క్షణం నుండి అతడు మరొక మనిషిగా మారడం మొదలవుతుంది.

ఒక అబద్ధానికి కాపలాగా పది అబద్ధాలు కావాలి. లండన్ గోడల మీద సాలిడారిటీ ప్రకటన కాగితాలు కనిపిస్తే తన వాళ్ల కంట పడకముందే అతడు వాటిని చింపివేస్తాడు. వాళ్లకు బయటి ప్రపంచంతో ఉన్న సంబంధాలన్నీ ఒక్కొక్కటిగా తెంచుతాడు. తిండిని కొలిచి పెడతాడు. పని గంటలు పెంచుతాడు. సొంత దేశంలో జనరల్ యారుజెల్‌స్కీ చేస్తున్నదేమిటి? వార్తలు ఆపడం, ఫోన్లు తెంచడం, రేషన్ విధించడం, నోరెత్తకుండా పనిచేయించడం. పోలెండ్‌లో కోట్లమంది మీద జరిగినదే లండన్‌లో ఒక పాత ఇంటిలో ముగ్గురి మీద జరిగింది. నియంతను అసహ్యించుకునేవాడు కూడా చేతికి నాలుగు తాళంచెవులు రాగానే చిన్న నియంత కాగలడని చెప్పడానికి దర్శకుడు ఎక్కడా ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంటి తలుపు మూసి చూపించాడు, అంతే.

నోవాక్‌ను చూసినప్పుడు నాకు మన పాలమూరు లేబరు గుంపుల మేస్త్రీలు గుర్తుకు వచ్చారు. మహబూబ్‌నగర్ ప్రాంతం నుండి దశాబ్దాలపాటు కూలీలు గుంపులు గుంపులుగా ఆనకట్టలు, కాలువలు కట్టడానికి దేశమంతటా వెళ్లారు. గుంపుకు ఒక మేస్త్రి. అడ్వాన్సు ఇచ్చేవాడు, కాంట్రాక్టరుతో మాట్లాడేవాడు, జ్వరమొస్తే మందు తెచ్చేవాడు, లెక్కలు రాసేవాడు అతడే. అతడు కూడా ఆ ఊరివాడే, ఆ కూలీల బంధువే. కాంట్రాక్టరు దృష్టిలో అతడు కూలీ. కూలీల దృష్టిలో అతడు దొర. పైవాడి భయమూ, కిందివారి బరువూ రెండూ మోసే ఈ మధ్యమనిషి గురించి మన సాహిత్యంలో ఇంకా రావలసినంత రచన రాలేదని నా అభిప్రాయం. నోవాక్ అక్షరాలా గుంపు మేస్త్రి. అందుకే అతనిని ద్వేషించడం నాకు సాధ్యపడలేదు.

డబ్బు అయిపోవస్తుంది. అప్పుడు నోవాక్ దొంగతనానికి దిగుతాడు. మొదట పత్రికలు; తరువాత తినుబండారాలు. సూపర్‌మార్కెట్టులో డబ్బు చెల్లించిన రసీదును అడ్డం పెట్టుకొని, చెల్లించని సరుకును బయటికి తెచ్చే ఉపాయం ఒకటి కనిపెడతాడు. ఏ అర నుండి ఏది తీయాలి, ఏ గుమ్మం గుండా బయటపడాలి, ఏ ఉద్యోగి ఎటు చూస్తున్నాడు అన్నవన్నీ అతడు గణితశాస్త్రం లెక్కలా సాధిస్తాడు. క్రిస్మస్ వస్తున్నది, గడ్డకట్టించిన టర్కీ కోడి ఒకటి కావాలి. ఆ కోడి కోసం అతడు పడే పాట్లు చూస్తూ మా ప్రదర్శనలోని పాతికమందిమీ పగలబడి నవ్వాము. కాని ఒకటి గమనించాలి. ఇంటి యజమాని పన్ను చెల్లించకుండా, చట్టం చూడకుండా చౌకగా ఇల్లు బాగుచేయించుకుంటున్నాడు. అతనిని వెంబడించే కన్ను చిత్రమంతటా ఒక్కటీ కనిపించదు. కోడిని దాచిన వాని వెంట మాత్రం దుకాణం కళ్లన్నీ తిరుగుతుంటాయి. నవ్వుతున్న మనిషి నోరు మూతపడేది ఈ సంగతి తట్టినప్పుడే.

చిత్రంలో నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం భాష. మనం చిత్రమంతటా వినేది నోవాక్ మనసులోని మాట. అది ఆంగ్లంలో నడుస్తుంది. మిగిలిన ముగ్గురికీ ఆ భాష రాదు. కనుక వాళ్ల మనసులో ఏమున్నదో మనకు తెలిసే మార్గం లేదు. వాళ్లు అమాయకులా, కోపంగా ఉన్నారా, ఇల్లు తలచుకొని ఏడుస్తున్నారా? మనం నోవాక్ పక్షాన ఉండి వారిని చూస్తాము. ఒక దేశంలో భాష రాని మనిషి చెవులుండీ చెవిటివాడు, నోరుండీ మూగవాడు. అతనికి తెలిసే ప్రపంచం, భాష తెలిసినవాడు దయతలచి చెప్పినంత మేరకే ఉంటుంది. చదువు అనేది ఉద్యోగం కోసమేనని మనం సాధారణంగా అనుకుంటాము. తన గురించిన వార్త తానే తెలుసుకోగలగడం కూడా చదువే కదా!

ఈ చిత్రం నా మనసులో ఇంతగా నాటుకుపోవడానికి మా ఇంటిలోనే ఒక కారణం ఉంది.

మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. ఆ చుట్టుపక్కల గల్ఫ్ వెళ్లిన మనిషి లేని వీధి ఉండదు. మా మేనత్త కొడుకు, నాకు వరుసకు బావ, 2003లో భవన నిర్మాణపు పనికి దుబాయికి వెళ్లాడు. ఏడాది తిరగకముందే కంపెనీ జీతాలు నిలిపివేసింది. పాస్‌పోర్టు కంపెనీవారి దగ్గరే ఉంది. ఇంటివద్ద వీసా కోసం చేసిన అప్పు వడ్డీతో పెరుగుతున్నది. ఒకనాడు అతడు క్యాంపు విడిచి బయటపడి, ఎక్కడ పని దొరికితే అక్కడ దినకూలీగా చేరిపోయాడు. అక్కడి పద్ధతి ప్రకారం ఎవరి వీసా మీద వచ్చాడో వారి వద్దనే పనిచేయాలి. విడిచిపెడితే పారిపోయినవాడి కిందే లెక్క. ఇటువంటివారిని మా ప్రాంతంలో ‘ఖల్లివెల్లి’ అంటారు. పోనీలే, వదిలేయి అనే అర్థంలో అరబ్బులు వాడుకలో అనే మాట అది. ఆ మాటే మా ఊళ్లకు వచ్చి, కాగితాలు లేని మనిషికి పేరుగా స్థిరపడింది. నిజానికి అతనిని వదిలేయనిదే బాగుండేది. పోలీసు కనిపిస్తే సందు మారాలి. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోకూడదు. ఇంటికి వద్దామనుకుంటే విమానం ఎక్కడానికి లేదు, ఎందుకంటే ఉండకూడని రోజులన్నింటికీ రోజు లెక్కన జరిమానా కట్టాలి.

2006 చలికాలంలో మా మేనత్త కాలం చేసింది. ఉన్నది ఒక్కడే కొడుకు. నేనప్పుడు వరంగల్లులో చదువుకుంటున్నాను. కబురు తెలిసి ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. పెద్దలందరూ కూర్చొని అతనికి చెప్పకూడదని అప్పటికే తీర్మానించారు. చెబితే ఏమి చేస్తాడు? రాలేడు. ఆవేశంలో విమానాశ్రయానికి వెళితే జైలులో పడతాడు. దుఃఖంలో పరంజా మీది నుండి కాలు జారితే? ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ప్రతి శుక్రవారం మా ఇంటికి అతని ఫోను వచ్చేది. ‘మీ అవ్వ కల్లం కాడికి పోయింది’ అని ఒక వారం, ‘బిడ్డ ఇంటికి పోయింది’ అని ఒక వారం మా నాన్నగారు జవాబు చెప్పేవారు. ఫోను పెట్టేసిన తరువాత చాలాసేపు ఆయన అరుగు మీద ఒంటరిగా కూర్చుండిపోయేవారని మా అమ్మ చెప్పింది. అతడు తల్లి కంటి ఆపరేషనుకని పంపిన డబ్బు వస్తూనే ఉంది. నాన్నగారు దానిని ఒక గుడ్డలో మూటగట్టి, ఏ తేదీన ఎంత వచ్చిందో కాగితం మీద రాసి పెట్టారు.

2007లో ఎమిరేట్స్ ప్రభుత్వం కాగితాలు లేని కార్మికులకు క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేకుండా దేశం విడిచి వెళ్లవచ్చునన్నారు. మన రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ అనే ఒక్క కాగితంతో వేలాదిమంది ఇళ్లకు చేరుకున్నారు. మా బావ కూడా అలాగే బేగంపేట విమానాశ్రయంలో దిగాడు. చేతిలో ఒక సంచి, అందులో తల్లికి ఒక దుప్పటి, ఒక టార్చిలైటు. ఊరికి తీసుకువెళ్లే జీపులో మా నాన్నగారు విషయం చెప్పారు. అతడు గట్టిగా ఏడవలేదు. కరీంనగర్ దాటేవరకు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తరువాత ఇంటివద్ద మూట విప్పి డబ్బు ముందు పెట్టినప్పుడు ఒక్క మాట అన్నాడు. ‘చెప్తే నేనచ్చేటోన్ని కాదు మామా, గది నాగ్గూడ ఎరుకే. గని ఒక్క దినం పని బందు వెట్టి కూసునేటోన్ని.’

మా పెద్దల లెక్క అంతా, చెబితే అతడు ఏమి చేయగలడు అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. నోవాక్ లెక్క కూడా అదే. ఏమీ చేయలేనివాడికి వార్త ఎందుకు అన్నది వారి వాదం. కాని మనిషి వార్తను వినేది ఏదో ఒకటి చేయడానికి మాత్రమే కాదు. తన తల్లి లేని రోజును, లేని రోజుగా బతకడానికి కూడా అతనికి ఆ వార్త కావాలి. ఏడు నెలలపాటు మా బావ ఒక బతికున్న మనిషికి డబ్బు పంపాడు. ఆమె కంటిచూపు గురించి బెంగపెట్టుకున్నాడు. దుప్పటి బేరమాడి కొన్నాడు. ఆ ఏడు నెలలు అతని జీవితంలోవే, కాని వాటిలో జరిగినది అతనికి తప్ప ఊరందరికీ తెలుసు. పోలెండ్ కార్మికులు ముగ్గురూ సరిగ్గా అలాగే, తమ దేశం మారిపోయిందని తెలియక, గోడకు నున్నగా రంగు వేస్తూ ఉండిపోయారు. మా నాన్నగారిది క్రూరత్వమని నేను అనలేను. ప్రేమతో చేసినదే. అయితే ప్రేమతో తీసుకున్నా, తీసుకున్నది అవతలివాడి సొత్తే.

చట్టం విషయం కూడా కొంత చూడాలి. నోవాక్, అతని మనుషులూ 1981లో లండన్‌లో నేరస్థులు. 2004 మే 1న పోలెండ్ ఐరోపా సమాఖ్యలో చేరింది. ఆ రోజు నుండే బ్రిటన్ పోలెండ్ పనివారికి తన తలుపులు తెరిచింది. అదే సుత్తి, అదే గోడ, అదే మనిషి. కాని ఇప్పుడు నేరం లేదు. లక్షలాదిమంది తరలివచ్చారు. 2011 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాలలో ఆంగ్లం తరువాత ఎక్కువమంది తమ ప్రధాన భాషగా పేర్కొన్నది పోలిష్ భాషనే. వారి సంఖ్య 5 లక్షల 46 వేలు. 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్యను వీడింది; ఆ ఏడాది చివరి రోజుతో స్వేచ్ఛగా వచ్చి పనిచేసుకునే హక్కు ముగిసింది. కొత్తగా వచ్చేవారికి మళ్లీ వీసా కావలసి వచ్చింది. నలభై ఏళ్లలో ఒకే పని నేరమై, హక్కై, మళ్లీ అనుమతి అడగవలసిన వ్యవహారమైంది. ఇటుక బరువు మాత్రం మారలేదు.

మన దేశంలో 1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి కూడా చదవనివారు గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందాలన్న నియమం ఏర్పడింది. అది వారి మేలు కోసం చేసినదే. ఆ జంఝాటం ఎందుకని ఏజెంట్లు చాలామందిని విజిట్ వీసా మీద పంపిస్తారు. అక్కడికి చేరిన మరునాటి నుండే వారు చట్టవిరుద్ధులు. నోవాక్ బృందం ఎక్కిన విమానం అటువంటిదే. గల్ఫ్‌లోని కొన్ని దేశాలు ఇటీవల నియమాలను సడలించాయి. ఖతార్ 2020లో, పాత యజమాని అంగీకారపత్రం లేకుండానే కార్మికుడు వేరే పనిలో చేరవచ్చునని చట్టం మార్చింది. ఎమిరేట్స్ 2018లోనూ, 2024లోనూ మళ్లీ క్షమాభిక్ష ప్రకటించింది. ఇన్నిసార్లు క్షమించవలసి వచ్చిందంటే, ఖల్లివెల్లి మనుషులు మళ్లీ మళ్లీ తయారవుతూనే ఉన్నారన్న మాట.

చిత్రం చివరకు వస్తాను. ఇంటి పని పూర్తవుతుంది. గోడలు తెల్లగా మెరుస్తుంటాయి. చేతిలో బస్సు ఛార్జీలు కూడా మిగలక, నలుగురూ సామాన్లను సూపర్‌మార్కెట్టు తోపుడుబండ్లలో వేసుకొని, రాత్రివేళ లండన్ వీధుల గుండా హీత్రూ విమానాశ్రయానికి కాలినడకన బయలుదేరుతారు. గంటల తరబడి నడక. ముగ్గురూ ఇంటికి పోతున్నామన్న సంతోషంతో ఉన్నారు. విమానాశ్రయం సమీపించిన తరువాత నోవాక్ ఆగి, ఇంతకాలం దాచిన మాట చెబుతాడు. ముగ్గురూ అతని మీద పడతారు. అతడు ఎదురు తిరగడు. ఎవరూ పట్టుకోని తోపుడుబండ్లు, వారి నెల కష్టంతో సహా, వాలుగా ఉన్న దారి వెంట చప్పుడు చేసుకుంటూ దొర్లిపోతాయి. వాళ్లు విమానం ఎక్కారా, పోలెండ్ వారిని రానిచ్చిందా, ఆ తరువాత నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా అన్నది చిత్రం మనకు చెప్పదు.